నాలుగు వేలిముద్రలు

చీర మధ్యల, మూరెడు కాడ,
నాలుగు తెల్ల మచ్చలు.
నాయన కండ్లద్దాలు తీసి, తుడిసి, మళ్ల పెట్టుకొని
ఒక్కొక్క మచ్చ మీద తన వేలు ఆనిచ్చి చూసిండు.
సరిపోలే.
సన్నటియి. నాయి.

మెరూన్ నూలు అది.
ఎన్ని ఉతుకులకూ రంగు పోదని
ఒట్టేసి అమ్ముతం నారాయణపేటల.
పొద్దుగాల మొకానికి రాసుకున్న మందు
చేతులు కడగకుండ మగ్గం ఎక్కితే
పొద్దుగూకే యాల్లకు దాన్ని తినేసింది.
మరి నా తోలు ఎంత?

పద్దెనిమిదేండ్లకు మొదలైనయి.
ముందు గదవ కింద, ఆవాల లెక్క.
తర్వాత చెంపల మీద జొన్న గింజలంత,
ముట్టుకుంటే చెవి దాకా సలుపు.
గుంట మగ్గంల మెడ వంచి కూసుంటే
చెమట మీద నూలు దుమ్ము అంటి
సాయంత్రానికి మొకం పొయ్యి మీది పెనం.

మెడికల్ షాపు తాయప్ప ట్యూబు ఇచ్చిండు,
"పురుగును సంపుతది" అన్నడు.
సంపుడంటే సగం సగం ఎందుకని
పొద్దుగాల ఒకసారి, పగటీలి ఒకసారి,
రాత్రి గోడకు సున్నం ఏసినట్టు.
మధ్యల పక్కింటి అక్క చెప్పిన నిమ్మరసం.
ఇంకెవరో చెప్పిన పండ్ల పేస్టు.
నాలుగో దినానికి పొట్టు లేసింది.
నవ్వబోతే పెదవి మూల పగిలింది.
"పప్పుల ఉప్పు సరిపోయిందా" అని అమ్మ అడిగితే
తల ఊపిన.

పాలమూరు పెద్దాసుపత్రి. మూడు గంటల లైను.
"మహానంద, మొగులప్ప బిడ్డ" అని పిలిస్తే
చున్నీ మొకం మీంచి తియ్యకుండనే లేసిన.
సుల్తానా మేడం నన్ను కిటికీ దిక్కు తిప్పి
చాలాసేపు చూసింది.
తిట్టలే. అందుకే ఏడుపొచ్చింది.

"నువ్వు సంపుతున్న జీవి
నా మొకం మీద గూడ ఉన్నది పిల్లా.
బయట టోకెన్లు రాసేటాయన మీద ఉన్నది.
ఎక్కువైతే తగ్గించాలె, నిజమే.
గని ఎలుకలున్నయని
ఇంటికి నిప్పు పెట్టుకుంటరా?"

చిట్టీల రాసింది తక్కువ.
పది దినాలు ఏ మందూ వద్దు.
నిమ్మకాయ పప్పులకే.
వాసన లేని మెత్తటి పూత రెండు పూటలు.
మంట లేస్తే సల్లటి తడి గుడ్డ, రుద్దుడు లేదు.
అంతా సల్లబడ్డంక అదే ట్యూబు
బఠాణీ గింజంత, దినం తప్పిచ్చి దినం.
"రాసినంక చేతులు కడుగు,
నేత పని అంటివి గదా."
ఆ ఒక్క మాట నువ్వు చెప్పుంటే తాయప్పా,
ఎనిమిది దినాల చీర మిగిలేది.

బస్సుల నాయన ఏమీ మాట్లాడలే.
మరికల్ దాటినంక, కిటికీ బయటికి చూస్కుంటనే అన్నడు:
"రంగు కొట్టిన నూలును ఎండల ఏస్తమా?
నీడలనే ఏస్తం.
తొందరపడి ఎండల ఏసిన నూలు
పన్నెల తెగుతది."
నూలు గురించే అన్నడు.
నేనైతే అట్లనే అనుకున్న.

మచ్చలు పడ్డ కాడికి చీర కత్తిరిచ్చిండు.
అమ్మ ఆ ముక్కను ఐదు దినాలు ఉతికింది
గంజి పోయేదాక,
బరుకు పోయేదాక,
పసిపిల్లకు కట్టేటంత మెత్తగయ్యేదాక.

ఇప్పుడు పగటీలి కరెంటు పోయినప్పుడు
రంజన్ల నీళ్లల్ల ముంచి, పిండి,
మొకం మీద పరుసుకొని పంటున్న.
గుడ్డ కింద లోకం మెరూన్ రంగు.
నాలుగు కాడ తెల్ల వెలుతురు.
ముందు మంట గుడ్డను కాగబెడతది,
తర్వాత గుడ్డ మంటను మాట్లాడకుండ చేస్తది.
పక్క గదిల నాయన నాడె
ఇటు పోయి అటు వస్తుంటది.
ఎప్పుడు నిద్రపడ్తదో తెల్వదు.

నెల దాటింది.
ఎరుపు పోలే, పలచబడ్డది.
పెదవి మూల అతికింది.
గదవ మీద మాత్రం నిన్న రెండు కొత్తయి లేసినయి.
చెయ్యి లేసింది వాటి దిక్కు.
కాసేపు గాల్లనే ఉన్నది.
మళ్ల తీసుకపోయి
కండె మీద పెట్టిన.